కొంగు చెక్కుకున్న తల్లి

మనుషుల మీదే నాకు పూర్తి నమ్మకం లేదు, ఇక దయ్యాల మీద ఎక్కడి నుంచి వస్తుంది? పాలు పోయించుకునేటప్పుడు చెంబులో వేలు ముంచి చూసే రకం నేను. సంతలో కొన్న చింతపండును ఇంటికి తెచ్చి మళ్లీ తూచేదాన్ని. "అందరికీ దేవుడు రెండు కండ్లిస్తే మా దీనమ్మకు మూడోది గూడ ఇచ్చిండు, దాని పేరు అనుమానం" అని మా అత్త వాడకట్టంతా చెప్పుకునేది. అట్లాంటిదాన్ని ఈ సంగతి చెబుతున్నాను కాబట్టి, నమ్మినా నమ్మకపోయినా చివరిదాకా వినండి.

ఇప్పుడు నా కండ్లకు పొరలు కమ్మాయి. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తున్నది. చదువుకున్న పిల్ల, నా మాటను పుస్తకాల తెలుగులో పెడుతుంది. ఎదుటివాళ్లు అన్న మాటలను మాత్రం వాళ్లు అన్నట్టే రాయాలని ఒట్టు పెట్టించుకున్నాను.

నిజాం రాజ్యం రోజులవి. మొయినాబాదులో మా ఆయన మిషను బడి పంతులు. నాది కూడా మిషను పనే. పల్లెలు తిరిగి ఆడవాళ్లకు దేవుని వాక్యం చెప్పాలి. వాళ్లకు చదువు రాదు కాబట్టి పెద్ద పెద్ద బొమ్మలను చుట్టగా చుట్టి చంకన పెట్టుకుని పోయేదాన్ని. అందుకే కనకమామిడి నుంచి చేవెళ్ల దాకా నా పేరు బొమ్మలమ్మ.

ఆ పనికి ఒక పద్ధతి ఉండేది. బొమ్మ వేలాడదీయగానే కథ ఎత్తుకోకూడదు. ముందు "ఏం కనవడ్తున్నది?" అని అడగాలి. తర్వాత బొమ్మలోని ఒక్కొక్క మనిషినీ చూపించి "ఈమె మనసుల ఏమున్నది?" అని అడగాలి. వాళ్లు చెప్పేదంతా విన్నాకే కథ.

ఈ పద్ధతి నాకు పండగే. ఎందుకంటే ఎవరూ బొమ్మ మనసు చెప్పరు, తమ మనసే చెబుతారు. మొగుడు కొట్టే ఆడమనిషి "భయపడుతున్నది" అనేది. కోడలితో పడని అత్త "పనిదొంగ, ఎట్ల నిలబడ్డదో చూడు" అనేది. ఊళ్లో ఏ ఇంట్లో ఏముందో నాకు అడగకుండానే తెలిసిపోయేది.

మిషను వాళ్లిచ్చిన బొమ్మలన్నీ తెల్లదొరల సీమ నుంచి వచ్చినవి. వాటిలో ఏడ్చే ఆడవాళ్లు కూడా దొరసానుల్లా తెల్లగా ఉండేవాళ్లు. "వీళ్లకేం కష్టమొచ్చిందమ్మా, కాళ్లకు చెప్పులున్నయి గద" అని చిల్కూరులో ఒక ముసలామె అడిగితే కథ చెప్పకుండానే బొమ్మ చుట్టేశాను.

ఆ బాధ పాదిరిగారికి చెప్పుకున్నాను. అప్పుడు పట్నం నుంచి వచ్చిన ఒక డ్రాయింగు మాస్టరు మా బడిలో కొన్ని నెలల కోసం పనిచేస్తున్నాడు. ఆయన చేత పాదిరిగారు ఒక బొమ్మ వేయించారు. చనిపోయిన చిన్నపిల్లను ప్రభువు చెయ్యి పట్టి లేపే కథ. ముతక గుడ్డ మీద రంగులతో వేశాడు. ఇల్లు మన ఇల్లే. మట్టి గోడ, నులక మంచం, గూట్లో వెలిగించని దీపం, నేల మీద బోర్లించిన మట్టి ముంత. మంచం మీద పిల్ల, పక్కన ప్రభువు, చేతులు కట్టుకున్న తండ్రి. తలుపు దగ్గర జుట్టు విరబోసుకుని ఏడ్చే ఆడవాళ్లు. మంచం కాళ్ల దగ్గర పిల్ల తల్లి.

ఆ తల్లే వింత. ఆమె ఏడవదు. కొంగు నడుముకు బిగించి చెక్కుకుని ఉంటుంది. పిల్లనూ చూడదు, ప్రభువునూ చూడదు. మొహం పక్కకు తిప్పి, బొమ్మలో లేని దేన్నో ఓరగా చూస్తుంటుంది. ఎవరిని చూసి వేశావని మాస్టరును అడిగాను. ఎవరినీ చూసి వేయలేదు, చెయ్యి అట్లా పోయింది అన్నాడు. నేను నమ్మలేదు. తనకు అన్నం పెట్టే ఇంటామెను చూసి వేసుంటాడని అనుకుని, ఒకరోజు పనిగట్టుకుని పోయి ఆమె మొహం చూసి వచ్చాను. పోలికే లేదు.

ఆదివారం పాదిరిగారు ఆ బొమ్మను విడమరిచి చెప్పారు. వెలగని దీపం పోయిన ప్రాణమట. బోర్లించిన ముంత పాడుబడ్డ సంసారమట. తల్లి మొహం తిప్పుకున్నది విశ్వాసంతోనట, చావును చూడనంటున్నదట. కొంగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన నవ్వారు. చావు ఇంట్లో కొంగు చెక్కుకుని పనికి తయారయ్యే తల్లి ఎక్కడైనా ఉంటుందా, మాస్టరు పెళ్లికాని మనిషి, తెలియక వేశాడు అన్నారు.

నాకు ఆ విశ్వాసం మాటే మింగుడు పడలేదు. ఆ చూపు నాకు బాగా తెలుసు. సంతలో తక్కెడ ముల్లును నేను చూసే చూపే అది. అది అనుమానం. ఇంటికి వచ్చి ఆ మాటే అంటే మా ఆయన "నిన్ను అడిగితే చెట్టు గూడ అనుమానంగనే చూస్తది" అని పుస్తకం ముందు పెట్టుకున్నాడు.

అసలు గడబిడ కనకమామిడిలో మొదలైంది. ఈమె మనసులో ఏమున్నదని అడిగితే ఒకామె జవాబు చెప్పకుండా, తల్లి చూపు ఎటు పోతుందా అని తల తిప్పింది. అది వాకిట్లోని పొట్టు కుప్ప మీద పడింది. కుప్ప కదిలిస్తే పాము. చిల్కూరులో బొమ్మను ఇంకో దిక్కుకు కట్టాను. చూపు బావి గిరక మీద పడింది. కొద్ది రోజులకే తాడు తెగి బిందె బావిలో పడింది.

నేను ఊరుకోలేదు. వానాకాలం పొట్టులో పాము ఉండక పల్లకిలో ఉంటుందా, చీకిన తాడు తెగక ఏం చేస్తుంది అని రెండు ఊళ్లలోనూ కొట్లాడాను. నా మాట ఎవరికి కావాలి? బొమ్మలోని తల్లి దేన్ని చూస్తే దాంట్లో దోషం ఉన్నట్టేనని పల్లెలన్నీ పాకింది. నేను బొమ్మ విప్పగానే ఆడవాళ్లంతా ఆ చూపుకు ఎదురు రాకుండా పక్కకు జరిగేవాళ్లు. ఇక కథ వినేదెవరు?

ఆ రోజుల్లోనే ఎలుక ఆ గుడ్డను కొరికింది. సరిగ్గా తల్లి భుజం మీద. ఇంట్లో తెల్ల దారం అయిపోయింది, ఉన్న నీలి దారంతోనే కుట్టేశాను. రంగు కలవక, చినిగిన రవికెను ఆమే కుట్టుకున్నట్టు కనిపించింది. మా ఆయన చూసి నవ్వాడు కూడా. ఆ కుట్టు వేశాక బొమ్మను ఎక్కడా విప్పకముందే ఆలూరు నుంచి మనిషి వచ్చాడు.

ఆలూరు మా పుట్టిల్లు. మా చెల్లె రత్నం అప్పటికి కొంతకాలంగా చేవెళ్లలో లింగయ్య సావుకారి ఇంట్లో పశువుల కొట్టం ఊడ్చే పని చేస్తున్నది. ఆ ఇంట్లో మెడలో వేసుకునే బంగారు గుండ్ల పేరు పోయిందట. రత్నం మీద పెట్టారట. ఒప్పుకోకపోతే పొద్దుగూకేలోపు పోలీసు పటేలుకు అప్పజెబుతామన్నారట. చావడిలో ఒక్క రాత్రి ఉండి వచ్చిన ఆడపిల్లను ఊరు తర్వాత ఎట్లా చూస్తుందో నాకు తెలుసు. రత్నానికి అప్పుడే సంబంధం కుదిరి ఉంది.

ఆ మనిషి ఇంకో మాట కూడా తెచ్చాడు. పోయిన వస్తువుల కోసం అంజనం వేసేవాడు వేరే ఊరికి పోయాడు కాబట్టి, సావుకారి భార్య అనసూయమ్మ బొమ్మలమ్మను బొమ్మతో సహా రమ్మన్నదట. బొమ్మలోని తల్లి ఎవరిని చూస్తే వాళ్లే దొంగట.

వాక్యం చెప్పే బొమ్మతో అంజనం వేయించానని తెలిస్తే పాదిరిగారు నన్ను పనిలో ఉంచరు. పోకపోతే చెల్లె గతి ఏమిటి? మా ఆయన "బొమ్మ ఎటు చూడాల్నో కట్టేదానివి నువ్వే గద" అన్నాడు. ఆ మాట పట్టుకుని బండెక్కాను.

దారి పొడుగునా అందరినీ అనుమానించాను. అనసూయమ్మే తీసి పుట్టింటికి పంపిందేమో. సావుకారే తాకట్టు పెట్టాడేమో. అబద్ధమెందుకు, రత్నమే తీసిందేమోనని కూడా కాసేపు అనుకున్నాను. నా బుద్ధి అట్లాంటిది.

సావుకారి వాకిట్లో కొట్టం గోడకు ఆనుకుని రత్నం కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది.

"అక్కా, నేను కొట్టం దాటి ఎన్నడన్న లోపటికి పోయిన్నా? అర్రల ఉన్నది నాకెట్ల అందుతది?" అన్నది.

నిజమే. మా కులం వాళ్లు ఆ ఇంటి అరుగు కూడా ఎక్కకూడదు. వాకిలే మా హద్దు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, అయినా దొంగ మాత్రం రత్నమే. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ అది మండే సమయం కాదు. చెంగుతో మొహం తుడుచుకుని వాకిలంతా ఒకసారి కలియజూశాను.

ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల చీకటి. ఇంటివాళ్లు, జీతగాళ్లు, తమాషా చూడవచ్చిన వాడకట్టు, అంతా వాకిట్లోనే నిలబడ్డారు. కొట్టం చివరి గుంజకు బొమ్మ కడితే, తల్లి చూపు అందరి పక్క నుంచి పోయి సూటిగా ఆ తలుపులో పడుతుంది. చెయ్యి చాచి సరిచూసుకున్నాను. చీకటిని పటేలు పట్టుకుపోలేడు కదా. చూపు ఎవరి మీదా పడలేదు, ఇక్కడ దొంగలు లేరు అనేసి చెల్లెను తీసుకుని బయటపడదామని నా ఎత్తు.

బొమ్మ విప్పి కట్టాను. మిట్టమధ్యాహ్నం, ఎండ కొరడాలా కొడుతున్నది. ఎవరూ మాట్లాడలేదు. తలలన్నీ మెల్లగా తలుపు వైపు తిరిగాయి. లోపల ఎవరున్నారని సావుకారి తన భార్యను అడిగాడు. ఎవరూ లేరు, అత్తమ్మ పడుకుని ఉంది అన్నది అనసూయమ్మ.

సావుకారి తల్లిని అందరూ పెద్దవ్వ అనేవాళ్లు. చాలా ఏండ్లుగా ఆమెకు రెండు కండ్లూ కనిపించవు. దీపం మొహం దగ్గర పెట్టినా తెలియదనేవాళ్లు. ఆమె లోపలే ఉంటుందని నాకు తెలుసు గానీ, ఆమె మంచం ఎక్కడుందో నాకెట్లా తెలుస్తుంది? ఆ ఇంటి లోపలిని నేను ఎన్నడూ చూడలేదు.

అప్పుడు లోపలి నుంచి పెద్దవ్వ గొంతు వినిపించింది. ఎవరితోనో మాట్లాడుతున్నది.

"ఎవరు బిడ్డ నువ్వు? కాళ్లకాడ నిలబడ్డవు. కొంగు చెక్కుకొని పనికొచ్చినట్టున్నవు."

అవతలి మనిషి జవాబేదీ మాకు వినిపించలేదు. పెద్దవ్వే మళ్లీ అన్నది.

"భుజం మీద ఆ నీలి దారమేంది? తెల్లది దొరకలేదా?"

గుంజ దగ్గరికి పోయి బొమ్మ మీది కుట్టును తడిమాను.

"ఆకలా? అయితున్నది బిడ్డ. నిన్నటి సంది అయితున్నది." ఆ తర్వాత ఆమె ఏడుస్తూ అన్న మాటలు వాకిట్లో ఉన్న ప్రతి ఒక్కరూ విన్నారు. "గుండ్లు నాయే. కోడలడిగితే ఇచ్చిన. ఇచ్చినంక, ఇగ నాకు బువ్వెవరు పెడ్తరని భయమైంది. తడుముకుంట పోయి తెచ్చుకొని బొంతల దాసిన. నువ్వు తీస్కో. నాకు ఇంత బువ్వ పెట్టు."

అనసూయమ్మ లోపలికి పరుగెత్తింది. తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతిలో గుండ్ల పేరు ఉంది. లోపల అత్తమ్మ తప్ప ఇంకెవరూ లేరని చెప్పింది. పెద్దవ్వ మంచం ఎక్కడుందని నేనే అడిగాను. వాకిలి తలుపుకు సూటిగా, నడిమి అర్ర అవతల, చివరి గోడకు ఆనించి ఉందన్నది.

సావుకారి నా వైపూ చూడలేదు, రత్నం వైపూ చూడలేదు. కన్నతల్లి ఆకలి వాడకట్టంతా విన్నది మరి. తల వంచుకుని అరుగెక్కి లోపలికి పోయాడు. కాసేపటికి లోపల కంచం చప్పుడైంది. మాది తప్పయిందని ఎవరూ అనలేదు. నేను అడగలేదు. బొమ్మ చుట్టుకుని, చెల్లె చెయ్యి పట్టుకుని ఆలూరు దారి పట్టాను. రత్నం మళ్లీ ఆ ఇంటి పనికి పోలేదు, అనుకున్న సంబంధంలోనే పెళ్లయింది. పెద్దవ్వ మంచాన్ని ముందరి అరుగు మీదికి తెచ్చారని, వచ్చేపోయేవాళ్లు చూస్తుండగా వేళకు బువ్వ పెడుతున్నారని తర్వాత విన్నాను.

ఆలూరు దారిలో నాకు ఒక సంగతి తట్టింది. ఆ కథ చివర ప్రభువు ఒక మాట అంటాడు. లేచిన పిల్లకు తినడానికి ఏమైనా పెట్టండి అని. నేను అక్కడికి వచ్చేసరికి ఆడవాళ్లు పనులున్నాయని లేస్తుంటారు కాబట్టి ఎప్పుడూ ఆ మాటను గబగబా చెప్పేసేదాన్ని. ఆ తల్లి కొంగు చెక్కుకున్నది అందుకేనేమో. బోర్లించిన ముంతను ఎత్తి పిల్లకు పెట్టడానికేనేమో. అయితే మాస్టరు తప్పేమీ వేయలేదు. ఆ చూపు కూడా దొంగను వెతికే చూపు కాదేమో, ఇంకా ఎవరికి ఆకలవుతున్నదని చూసే చూపేమో. అనుమానమని నేను అన్నాను, దోషమని ఊళ్లు అన్నాయి. మా మనసుల్లో ఉన్నదే మేం చెప్పామన్నమాట.

ఇది నా ఊహ. ఊహను సాక్ష్యం అనను. సాక్ష్యం కోసం ఎంత తిరగాలో అంత తిరిగాను. పెద్దవ్వతో గోడ అవతలి నుంచి మాట్లాడేదానివా, నా బొమ్మ సంగతి ఆమెకు చెప్పావా అని రత్నాన్ని పీక్కుతిన్నాను. "చెప్పినా గని, నీలి దారం సంగతి నాకెట్ల ఎరుకక్కా?" అన్నది. అదీ నిజమే. ఆ కుట్టు సంగతి మా ఇద్దరు ఆలుమగలకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ రోజు వాకిట్లో చూసినవాళ్లు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. పెద్దవ్వకు కొంచెం చూపు ఉందేమోనని కూడా అనుమానించాను. ఉన్నా, తల్లి చూపు ఒక్కటే అటు పోయింది, గుడ్డ మాత్రం వాకిట్లోకి తిరిగి ఉంది. అంత దూరం నుంచి దారం రంగు నాకే ఆనదు.

మా ఆయన మాత్రం తేలిగ్గా తీసిపారేశాడు. ఆకలితో ఉన్న మనిషికి ఎవరో వచ్చినట్టు అనిపిస్తుందట, కొంగు చెక్కుకోని ఆడమనిషి ఏ ఊళ్లో ఉందట. మరి నీలి దారం అని అడిగితే పుస్తకం ముందు పెట్టుకున్నాడు. డ్రాయింగు మాస్టరును అడుగుదామంటే అప్పటికే వెళ్లిపోయాడు, ఎక్కడికో ఎవరికీ తెలియదు. పాదిరిగారు పిలిచి గట్టిగా మందలించారు, పనిలోంచి తీసేయలేదు. బొమ్మను తిరిగి ఇవ్వమని మాత్రం అడగలేదు. ఆయనకూ భయమేసిందని నా అనుమానం.

ఆ బొమ్మను నేను మళ్లీ ఏ ఊళ్లోనూ విప్పలేదు. ఇంట్లో గోడకు కట్టుకుందామని మా ఆయన ఎన్నోసార్లు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఏ గోడకు కట్టినా ఆ చూపు ఇంట్లో ఎవరో ఒకరి మీద పడుతుంది. మా అత్త మీద పడితే? చుట్ట చుట్టి, తాడుతో ముడేసి అటక మీద పెట్టించాను. అప్పటి నుంచి మా అత్త తినే దాకా నేను కంచం ముందు కూర్చోలేదు. ఆమె దాన్ని ప్రేమ అనుకుని మురిసిపోయేది. సగం ప్రేమే, సగం భయం.

అదంతా అయి ఎన్ని ఏండ్లో గడిచిపోయాయి. ఇప్పుడు మంచం మీద నేనున్నాను. ఆపరేషను చేయించుకుంటే కండ్లు కనిపిస్తాయంటారు, డాక్టరు కత్తి మీద నాకు నమ్మకం లేదు. మా కోడలు మంచిది. నోరు పెద్దది గానీ చెయ్యి మంచిది. పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం నాకు అన్నం కలిపి పెట్టి పొలానికి పోయింది. మనవరాలు బడికి పోయింది. ఇంట్లో నేను ఒక్కదాన్నే.

మంచం కాళ్ల దగ్గర ఎవరో నిలబడ్డారు. నాకు మనిషి నీడ కూడా ఆనదు. కానీ ఆమె కొంగు చెక్కుకుని ఉన్నది నాకు కనిపించింది. ఆకలవుతున్నదా అని అడిగింది. నేను ఊరుకునే మనిషినా? లేచి కూర్చుని, చెయ్యి చాచి భుజం తడిమాను. కుట్టు వేలికి తగిలింది.

సాయంత్రం కోడలు రాగానే అటక ఎక్కించాను. చుట్ట ఉన్నచోటే ఉందట, తాడు ముడి కూడా కదలలేదట. కల కన్నావు అత్తమ్మా అని నవ్వింది. కావచ్చు. అయినా కోడలి రవికెలన్నీ తెప్పించుకుని ఒక్కొక్కటే తడిమి చూశాను. భుజం మీద కుట్టున్నది ఒక్కటీ లేదు. ఇది ఎట్లా జరిగిందో అప్పుడూ చెప్పలేకపోయాను, ఇప్పుడూ చెప్పలేను. ఆమెకు నేనిచ్చిన జవాబు మాత్రం బాగా గుర్తుంది.

"నాకు ఆకలి లేదు బిడ్డ, నా కోడలు పెట్టి పోయింది. ఇంకో ఇంటికి పో. జల్ది పో, ఎవరో ఎదురు చూస్తుంటరు."